చదివింపుల పుస్తకంలో ఇరవై

మా ఇంట్లో మగవాళ్లకి ఆస్తి రాలేదు గాని గొంతు వచ్చింది. నాన్న సన్నాయి ఊదేవారు. నాకు సన్నాయికి సరిపడా ఊపిరి లేదు, గొంతు మాత్రం మిగిలింది. ఆ గొంతుతో గజపతినగరం దగ్గర ఒక బడిలో లెక్కలు చెబుతాను, చుట్టాల పెళ్లిళ్లలో చదివింపులు చదువుతాను. ఇంకెందుకూ అది పనికిరాలేదు. పనికొచ్చిన ఒక్క రోజూ పాడుపని చేసింది.

చదివింపులంటే ఏమిటో ఈ జిల్లాల్లో పెద్దవాళ్లకి చెప్పక్కర్లేదు. ఈమధ్య పిల్లలకి మాత్రం చెప్పవలసి వస్తోంది. భోజనాల హాలుకి వెళ్లే దారిలో ఒక బల్ల, దాని మీద పొడుగాటి పుస్తకం, ఒక స్టీలు డబ్బా, ఒక మైకు. వచ్చినవాళ్లు కవరు ఇస్తారు. బల్ల దగ్గర కూర్చున్నవాడు కవరు చింపి, పేరు, ఊరు, వరస, మొత్తం రాసుకుని మైకులో పైకి చదవాలి. ఆ చదవడమే అసలు సంగతి. ఇచ్చినవాడు తన అంకె తన చెవులతో వినేదాకా బల్ల దగ్గరనుంచి కదలడు. విన్నాక ఒకసారి చుట్టూ చూసి, చొక్కా కాలరు సర్దుకుని, అప్పుడు భోజనానికి వెళతాడు.

వందని వంద అని చదివితే ఎవరూ వినరు. నూట పదహార్లు అనాలి. ఐదువందల పదహార్లు, వెయ్యి నూట పదహార్లు. 'పదహార్లు' దగ్గర గొంతు కాస్త సాగాలి. పోనీ ఇచ్చినవాడు నిజంగా పదహారు కలిపి ఇచ్చాడా అంటే, లేదు. ఐదువందల నోటు ఒకటి, కవరుకి అంటించి ఉన్న రూపాయి బిళ్ల ఒకటి. మిగతా పదిహేను రూపాయలూ నా గొంతులోంచి రావాలి. అలా ఎంతమంది మర్యాదకి నా గొంతుతో పదిహేనేసి రూపాయలు కలిపానో లెక్కలేదు.

ఈ పదహారు ఎక్కడిదో నాన్న ఒక కథ చెప్పేవారు. వెనకటి రోజుల్లో కంపెనీవాళ్ల రూపాయి వేరు, నిజాం రూపాయి వేరు. కంపెనీ రూపాయలు నూరు ఇవ్వాల్సిన చోట నిజాం రూపాయలైతే నూట పదహారు ఇస్తే గాని సరితూగేది కాదట. ఆ రెండు రూపాయలూ పోయాయి, మధ్యలో కలిపిన పదహారు మాత్రం శుభకార్యాల్లో మిగిలిపోయిందట. నిజమో కాదో నాకు తెలియదు. రామతీర్థం చుట్టుపక్కల గుళ్లలో సన్నాయి ఊది, సంభావనగా వచ్చిన నూట పదహార్లు పంచె కొంగున ముడేసుకుంటూ చెప్పేవారు గనక నమ్మేవాణ్ణి. ఒక డబ్బుకీ ఇంకో డబ్బుకీ మధ్య తేడా పూడ్చడానికి పుట్టిన మర్యాద అది. ఇంత తెలిసి కూడా నేనేం చేశానో ఇప్పుడు చెబుతాను.

నాన్న పక్కన డోలు వాయించేది మా బావ, అక్క మొగుడు. ఆమదాలవలస దగ్గర పల్లె వాళ్లది. ఎడమచేత్తో పుల్ల, కుడిచేతి వేళ్లకి గట్టి తొడుగులు. నాన్న ఊపిరి ఎక్కడ తిప్పుకుంటారో బావ వేళ్లకి ముందే తెలిసేది, ఆ సందుని డోలుతో నింపేసేవాడు. వినేవాళ్లకి ముసలాయన ఆయాసం తెలిసేది కాదు. తరవాత పెళ్లిళ్లకి డీజేలు వచ్చాయి. మేళాన్ని తాళికట్టే పది నిమిషాలకి కుదించేశారు. గుడి సంభావన మీద రెండు కుటుంబాలు ఎలా బతుకుతాయి? బావ ఒక ఏజెంటుని పట్టుకున్నాడు. అక్క మెడలోది అమ్మి ఏజెంటు చేతిలో పోసి కువైటు వెళ్లాడు, ఇనుప తలుపులూ కిటికీ గ్రిల్లులూ చేసే షెడ్డులో పనికి.

డోలు లేక నాన్న సన్నాయి ఒక ఏడాది ఒంటిగా నడిచింది. ఊపిరి తిప్పుకునే చోట ఖాళీ వినపడేది. ఒకరోజు సన్నాయిని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశారు, ఆ మరుసటి ఏడు పోయారు. ఆ తప్పు నేను బావ మీద వేసి కూర్చున్నాను. నాకు ఉద్యోగం దొరగ్గానే మేళం వైపు తిరిగి చూడలేదు, దానికి ఎవరూ నన్ను ఏమీ అనలేదు. బావ పొట్టకోసం వదిలేస్తే మాత్రం నేను క్షమించలేదు. నా న్యాయం అలాంటిది.

బావ జీతం నెలకి తొంభై దినార్లు. మొదటి నెల ఫోన్లో ఆ అంకె విని అక్క ఏడ్చేసింది.

"తొంబయ్యేనా? తొంబై రూపాయల కోసం అంత దూరం ఎల్లావా?"

"ఏడవకే. ఈ దేశంలో డబ్బు సిన్నంకెలోనే ఉంటాది. దినారుకి కింద మన పైసల్లాగ వెయ్యి ఫిల్సులున్నాయి. ఎంతవుతాదో నీ తమ్ముణ్ణి అడుగు, ఆడు సెప్తాడు," అన్నాడు బావ.

ఆ రోజునుంచి ప్రతి నెలా అక్కకి లెక్క కట్టి చెప్పేది నేనే. దినారు ఇంచుమించు రెండువందల డెబ్భై రూపాయలు. తొంభైకి ఇరవైనాలుగు వేల మూడువందలు. కాగితం కూడా అక్కర్లేదు, నోటిమీద చెప్పేవాణ్ణి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తరవాత జరిగినదానికి నాకు తెలియదు అనే సాకు లేదు.

అక్కావాళ్ల వైపు గల్ఫుకి వెళ్లినవాళ్లు వీధికి నలుగురు ఉంటారు. దినారు ఎంత, రియాలు ఎంత అన్నది ఆడవాళ్లు బోరింగు దగ్గర మాట్లాడుకుంటారు. మా గజపతినగరం వైపు అలా కాదు. ఇక్కడ బయటి డబ్బంటే డాలరు ఒక్కటే. మిగతావన్నీ మనకంటే తక్కువే అని ఒక నమ్మకం.

అన్నయ్యకి గజపతినగరంలో కిరాణా కొట్టు ఉంది. వాళ్ల అమ్మాయి పెళ్లికి బావ రెండు నెలల సెలవు పెట్టి వచ్చాడు. పెళ్లికి మూడు రోజుల ముందు మా వరండాలో కూర్చుని టీ తాగుతూ నాతో అన్నాడు.

"ఒరే, ఇంక ఎల్లనురా. డోలుకి కొత్త తోలు ఏయించినాను. ఇజీనగరం మేళం వోళ్లు రమ్మంతన్నారు. డబ్బు తక్కువేలే. మీ అక్క కూడా ఉండిపోమంతంది."

"ఉండిపో మరి," అన్నాను.

"ఉండిపోతాను గాని, అయిదేళ్లు ఆడ ఎండలో కాలి వచ్చినోణ్ణి. పెళ్లిలో నలుగురూ ఒక మంచి మాటన్నారనుకో, అది సాలు. పాస్పోర్టు ట్రంకుపెట్టి అడుక్కి ఏసెస్తాను." మావగారి మేళంలో డోలు కొట్టుకునేవాడు అనే చూపు పోవాలని బావ కోరిక. అంతకంటే ఎక్కువ అడగలేదు.

పెళ్లిరోజున మధ్యాహ్నం చదివింపుల బల్ల దగ్గర నేనున్నాను. బావ తెల్లచొక్కా ఇస్త్రీ నలగకుండా వరసలో నిలబడి వచ్చాడు. కవరు నా చేతికి ఇవ్వకుండా రెండు చేతులతో బల్ల మీద పెట్టాడు. చింపి చూస్తే కొత్త నోటు. మడత లేదు. ఇరవై దినార్లు. ఆ దేశంలో అంతకన్నా పెద్ద నోటు లేదు. రూపాయల్లోకి మార్చి ఇవ్వొచ్చు, కాని మార్చలేదు. తన చెమట ఏ దేశపు కాగితంగా వచ్చిందో ఆ కాగితాన్నే మా అందరికీ చూపించాలనుకున్నాడు. దాని మీద కూడా మర్యాద తప్పకుండా ఒక రూపాయి బిళ్ల.

నేను మైకు దగ్గరకి జరిగాను. "ఆమదాలవలస నుంచి, పెళ్లికూతురి మావయ్యగారు," అని మామూలుగానే మొదలుపెట్టి, "ఇరవై దినార్లు," అని చదివి ఊరుకున్నాను.

'అంటే మన డబ్బులో అయిదువేల నాలుగువందల పదహార్లు' అని కలపాలి. నా పక్కన మైకు ఉంది, నోట్లో లెక్క ఉంది. ఆ రోజు అప్పటిదాకా ఎవరూ అయిదువేలు దాటలేదు. ఎవడికో ఐదువందలకి పదహారు కలిపి సాగదీసి చదివిన గొంతు, సొంత బావకి ఆ ఒక్క మాట కలపలేదు. మరిచిపోలేదు. కలపకూడదనుకున్నాను. నాన్న సన్నాయిలో ఆ ఖాళీ గుర్తొచ్చింది. ఈయన తెల్లచొక్కా చూస్తే ఒళ్లు మండింది. అంతే, ఇంకేమీ లేదు. మనిషి బుద్ధి ఎంత చిన్న చోట పట్టేస్తుందో అప్పుడు నాకు తెలియలేదు.

వరసలో ఎవరో, "ఇరవయ్యేనా?" అన్నారు. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "ఓలమ్మ, అంత దూరం ఎల్లి ఇరవై తెచ్చినాడు!" అంది. నవ్వు భోజనాల హాలుదాకా పాకింది. బావ కదల్లేదు. నేను ఇంకా ఏదో చదువుతానని నా మొహం వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఆయన వెనకే వచ్చాడు ఏజెంటు. బావని కువైటు పంపినవాడే. పెళ్లికొడుక్కి పెదనాన్న వరస అవుతాడట, ఆ రోజే తెలిసింది. సఫారీ సూటు, మెడలో గొలుసు.

"వియత్నాం టూరు ఎల్లొచ్చినాను మాస్టారూ. గుర్తుగా ఉంటాదని ఇది ఏసినాను," అన్నాడు.

కవర్లో పచ్చటి నోటు. ఒకటి పక్కన ఐదు సున్నాలు. దాని విలువ నాకు నిజంగా తెలియదు. కాని ఒకటి పక్కన అన్ని సున్నాలు అచ్చు వేసుకున్నారంటే ఆ డబ్బు ఎంత పలచబడిందో లెక్కల మాస్టారు ఊహించలేడా? ఊహించాను. అయినా గొంతు దానంతట అదే లేచింది. "పెళ్లికొడుకు పెదనాన్నగారు, లక్ష! లక్ష వియత్నాం డాంగులు!"

హాలంతా చప్పట్లు. వీడియో తీసేవాడు లైటు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. అన్నయ్య పెళ్లిపీటల దగ్గరనుంచి దిగి వచ్చి ఏజెంటుకి రెండు చేతులూ జోడించి లోపలికి తీసుకెళ్లాడు. ఆ నోటు తరవాత చాలా రోజులు అన్నయ్య కొట్లో దేవుడి పటం పక్కన అద్దాల ఫ్రేములో ఉండేది. ఫోన్లో వెతికి చూస్తే మన డబ్బులో మూడువందల చిల్లర.

చప్పట్లు ఆగాక బావ పుస్తకం వైపు వంగాడు. "రాసీసినావా?"

"రాసాను," అన్నాను. ఆయన పేరుకి ఎదురుగా, రూపాయల గడిలో 20 అని ఉంది. బావ దాన్ని కాసేపు చూశాడు.

"సరేలే," అన్నాడు. భోజనం చేశాడో లేదో నేను కనుక్కోలేదు. ఆ నోటుని పుస్తకం చివర ఖాళీ పేజీల మధ్య పెట్టేసి తరవాతి కవరు చింపాను.

చదివింపుల పుస్తకం పెళ్లితో అయిపోదు. వాళ్లింట్లో శుభకార్యం వస్తే ఆ పుస్తకం తీసి, మనకి వాళ్లు ఎంత పెట్టారో చూసి, దానికి కొంత కలిపి తిరిగి పెట్టాలి. పెళ్లయిన పదిహేను రోజులకే అక్కావాళ్ల గృహప్రవేశం. దినార్లు కూడబెట్టి కట్టుకున్న రెండు గదుల స్లాబు ఇల్లు. వదిన పుస్తకం తీసింది. బావ పేరుకి ఎదురుగా ఇరవై కనిపించింది. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆయన ఇరవై పెడితే మనం నూరు పెడదాం, ఆడపడుచు కదా అనుకుంది. పుట్టింటి బట్టలతో పాటు కవరు కూడా పట్టుకుని వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను.

అక్కడ చదివింపులు చదివినది ఆ ఊరి రేషను డీలరు. ఆయన గొంతు నా గొంతు కంటే బాగుంది. "ఇల్లాలి పుట్టింటివారు, నూట పదహార్లు!" అని చక్కగా సాగదీసి చదివాడు.

అక్క చేతిలో హారతి పళ్లెం ఉంది. అది కింద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. బావ నవ్వాడు. నాకు దగ్గరగా వచ్చి, "మావగారి సంబావనే ఇచ్చినారురా. మేళం నేకపోయినా రేటు మాత్రం మారనేదు," అన్నాడు. అప్పుడైనా లేచి మైకు అందుకుని ఆ ఇరవై సంగతి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. నలుగురిలో నా తప్పు నేను చదువుకోవడానికి గొంతు రాలేదు.

పదిరోజుల్లో బావ తిరుగు ప్రయాణం పెట్టుకున్నాడు. ఆమదాలవలస స్టేషన్లో రైలెక్కించడానికి వెళ్లాను. ఎందుకు వెళ్లిపోతున్నావని అడగడానికి నాకు సిగ్గేసింది, అయినా అడిగాను.

"ఆడ నానంటే తొంబై," అన్నాడు. "తక్కువే. కాని ఆ తొంబైకి ఆళ్లు తొంబై అనే సదువుతారు. ఇక్కడ నా కరీదు మీ నోట్లో ఉన్నాది. మీ నోటికి ఎప్పుడెంత తోస్తే అంత." కోపంగా అనలేదు. సామాను లోపల పెట్టుకుంటూ మామూలుగా అన్నాడు.

కొత్త తోలు వేసిన డోలు కొత్త ఇంట్లో గోడకి ఉండిపోయింది.

తరవాత అన్నయ్యకి అంతా చెప్పాను. ఆయన కొట్లో పప్పు తూకం వేస్తూ ఆగి, "ముందే సెప్పొచ్చు కదరా. మేమేటి మాయా మర్మం తెలిసినోళ్లమా? నువ్వు రాసిందే సూసాం," అన్నాడు. పుస్తకం అడిగి తీసుకుని చూస్తే ఆ నోటు పేజీల మధ్య అలాగే ఉంది. తీసి నా పర్సులో పెట్టుకున్నాను. ఎప్పటికైనా బావకి తిరిగి ఇవ్వాలనో, ఇచ్చి క్షమించమనాలనో అనుకున్నాను. ఫోన్లో ఆ మాట ఎత్తడానికి ధైర్యం చాలలేదు. ఏడాదిన్నర గడిచిపోయింది.

బడిలో ఆ మధ్యకాలంలోనే పిల్లలకి స్థాన విలువలు చెప్పాల్సివచ్చింది. మనకి పది లక్షలు, బయటి దేశాల్లో అదే ఒక మిలియను. అంకె మారినా డబ్బు ఒక్కటే అని బోర్డు మీద రాశాను. రాసి ఆ అంకెల వంక చూస్తే నామీద నాకే అసహ్యం వేసింది. రోజూ పేపర్లో వేల కోట్లు చదివి పేజీ తిప్పేసేవాణ్ణి, ఒక ఇరవై దగ్గర ఇలా ఇరుక్కుపోయాను.

ఒకరోజు అక్క ఫోను. షెడ్డులో ఇనుము కోసే మిషన్లో బావ కుడిచెయ్యి పడింది. మూడు వేళ్లు పోయాయి. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు. డోలు మీద తొడుగులు వేసుకునే వేళ్లు. అక్క ఏడుస్తూ చెబుతుంటే నాకు వినపడింది ఒక్కటే, నేను ఆ రోజు ఒక్క మాట కలిపి ఉంటే ఆ చెయ్యి ఇక్కడ విజయనగరంలో ఉండేది.

నెలన్నర తరవాత బావ వచ్చేశాడు. వచ్చిన రెండో రోజున అక్క మళ్లీ ఫోను చేసింది. "కంపినీ వోళ్లు కాయితం ఇచ్చినారు. డబ్బులు ఎంతొస్తాయో అందులో ఉన్నాదట. ఈ ఈదిలో సదివీవోళ్లు బోలెడుమంది ఉన్నారు గాని మీ బావ ఎవల్లనీ ముట్టుకోనివ్వడు. నువ్వే వచ్చి సదవాలంతన్నాడు."

మధ్యాహ్నం బస్సుకి వెళ్లాను. బావ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. కుడిచెయ్యి తువ్వాలు కింద ఉంది. వెనక గోడకి డోలు, గుడ్డ కప్పి ఉంది. ఎడమచేత్తో కాగితం అందించాడు. సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు. చివర మొత్తం అంకెల్లో, దాని పక్కన అక్షరాలలో. ఎనిమిది వందల దినార్లు మాత్రమే. ఆయన తొమ్మిది నెలల జీతం కూడా కాదు.

"సదువు," అన్నాడు బావ.

"ఎనిమిది వందల దినార్లు," అని గొణిగాను.

"అలాగ ఆపీకు. ఆ రోజు ఆపీసినావు. మన డబ్బులో ఎంతో అది కూడా సెప్పు."

లెక్క కట్టడానికి నాకు క్షణం పట్టదు. "రెండు లక్షల పదహారు వేలు," అన్నాను.

బావ తువ్వాలు కింద చెయ్యి కదిపి నవ్వాడు. "సూసావా, మూడు వేళ్లకి పదహార్లు కూడా కలిపి ఇచ్చినారు. ఆళ్లకి మన మర్యాదలు ఎలా తెలిసినాయో."

అక్క గుమ్మానికి ఆనుకుని ఏడుస్తోంది. నా జేబులో ఆ ఇరవై దినార్ల నోటు ఉంది. తీసి ఇద్దామని చెయ్యి పెట్టాను, అందుకోవడానికి ఆయన ఏ చెయ్యి చాపుతాడో తలుచుకుని తీయలేకపోయాను.

"ఇంకోపాలి సదువురా," అన్నాడు బావ. "మైకు నేదు గాని, గట్టిగా సదువు. ఈదిలో నలుగురికీ ఇనపడాల."

లేచి నిలబడ్డాను. ఆయన పేరు, ఊరు, మాకు ఏ వరసో, ఎనిమిది వందల దినార్లు అంటే మన రూపాయల్లో ఎంతో, అన్నీ వరసగా, గొంతు ఎత్తి, పదహారు దగ్గర సాగదీసి చదివాను. ఎదురింటివాళ్లు బయటకి వచ్చి చూశారు. ఎవరూ నవ్వలేదు. అప్పుడు కల్యాణమండపంలో నేను చదవాల్సింది కూడా ఇంతే.